పదేళ్ళు కదలని అంబాసిడర్‌కు పెట్రోలు అందడం లేదు: పంపు మార్చాలా, ట్యాంకు దించాలా?

పాతబండి, నెల్లూరు:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి 1978 మోడల్ పెట్రోలు అంబాసిడర్ మార్క్ 3 పదేళ్ళకు పైగా షెడ్డులోనే ఉండిపోయింది. ఈమధ్య బ్యాటరీ, ప్లగ్గులు, పాయింట్లు కొత్తవి వేయించి, ఇంజన్ ఆయిలు మార్చి, ట్యాంకులోని పాత పెట్రోలును ట్యూబుతో అందినంత లాగేసి కొత్తది పోశాము. ఇంజను స్టార్టవుతోంది, శబ్దం కూడా బాగుంది. అయితే ఊరు దాటేలోపే గుక్కతిప్పుకోలేనట్టు కొట్టుకుని ఆగిపోతోంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ ఏమీ జరగనట్టే స్టార్టవుతుంది. పంపు నుంచి కార్బురేటరుకు (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) వెళ్ళే పైపును విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టి చూస్తే, ధార మొదట నిండుగా వచ్చి పోనుపోను సన్నబడుతోంది. ఒక మెకానిక్ గారు ఇంజనుకు ఉన్న పంపు తీసేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టమంటున్నారు. మరొకరు ట్యాంకు దించకుండా దేన్నీ ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కావలి వర్క్‌షాపు:

ఎలక్ట్రిక్ పంపు పెట్టించండి. పాత పంపులోని డయాఫ్రం గుడ్డమీద రబ్బరు పట్టించిన పొర. ఏళ్ళ తరబడి ఎండిపోయి బిగుసుకున్న ఆ పొర పని మొదలుపెట్టగానే చిట్లితే, కార్బురేటరుకు పెట్రోలు తగ్గడమే కాదు, ఆ పెట్రోలు ఆయిల్ చాంబరులోకి దిగి ఆయిలును పలచన చేసి బేరింగుల మీదికి తెస్తుంది. ఇక ఎండాకాలం సంగతి ఆలోచించండి. ఇంజనుకు అంటుకుని ఉన్న పంపు తాను కాగిపోతూ, వెనక డిక్కీ కింద ఉన్న ట్యాంకు నుంచి అంత దూరం పెట్రోలును పీల్చాలి. పీల్చే పైపులో ఒత్తిడి తక్కువ కనుక పెట్రోలు మామూలు కంటే ముందే ఆవిరై బుడగలు కడుతుంది. మే నెల మధ్యాహ్నం సింగరాయకొండ దగ్గర హైవే పక్కన బానెట్ ఎత్తి తడిగుడ్డ వేసుకుని నిలబడినవారికి ఇది తెలిసిన కష్టమే. ట్యాంకు పక్కన పెట్టిన ఎలక్ట్రిక్ పంపు పీల్చదు, తోస్తుంది. ఆ బాధ చాలావరకు తీరుతుంది.

కందుకూరు పద్మిని:

రెండూ చేసే ముందు ట్యాంకు మూత వదులు చేసి ఒకసారి నడిపి చూడండి. మూతలోని గాలి రంధ్రాన్ని కుమ్మరి పురుగు మట్టితో పూడ్చేస్తే ట్యాంకులోకి గాలి చేరక, ఏ పంపూ పెట్రోలును లాగలేదు. మా బండికి జరిగింది ఇదే. ఖర్చు లేని పరీక్ష.

విశ్రాంత అధ్యాపకుడు, ఒంగోలు:

కావలి మిత్రులు చెప్పిన ప్రతి మాటా పంపుల విషయంలో నిజమే, కానీ ఈ బండి విషయంలో పంపు దోషమని చూపే ఆధారం నాకు కనబడలేదు. డయాఫ్రం చిరిగిన పంపు మొదటి నుంచీ బలహీనంగానే ఇస్తుంది. కాసేపు విశ్రాంతి ఇచ్చినంత మాత్రాన చిరిగిన పొర అతుక్కోదు. ఇక్కడ ధార నిండుగా మొదలై, క్రమంగా సన్నబడి, ఆగిన తరువాత మళ్ళీ నిండుగా వస్తోంది. అంటే కదిలే అడ్డంకి ఏదో ఉంది. పీల్పు ఉన్నంతసేపు మడ్డీ తుప్పు పొట్టూ ట్యాంకులో పైపు మూతి దగ్గరుండే వడపోత జాలీకి వచ్చి అతుక్కుని, పీల్పు ఆగగానే జారి అడుక్కు చేరుతున్నాయని నా అనుమానం. మూత రంధ్రం పూడిపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక కందుకూరు వారి పరీక్ష ముందు చేయవలసిందే. రబ్బరు పైపు పగిలి గాలి పీల్చడం మూడో అవకాశం. ఆ పగులు పీల్చే వైపు ఉంటే బయటికి ఒక్క చుక్క కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అందువల్ల పైపు పొడిగా ఉంది కదా అని సరిపెట్టుకోకూడదు. గాజు గిన్నె ఉన్న పంపయితే దాని కింది బెండు వాషరు ఎండిపోయినా ఇదే తంతు.

వీటిని వేరు చేయడానికి వాదన అక్కరలేదు, ఒక డబ్బా చాలు. పంపుకు వచ్చే పైపును పంపు దగ్గరే విప్పి, కొత్త రబ్బరు పైపు ఒక చివర పంపుకు తగిలించి, రెండో చివరను నేలమీద పెట్టిన పెట్రోలు డబ్బాలో ముంచి ఇంజను నడపండి. డబ్బా కిందనే ఉండాలి. ఎత్తున పెడితే పెట్రోలు తనంతట తానే దిగుతుంది, పంపుకు పరీక్ష కాదు. అలా నడిపినప్పుడు ఆగకపోతే పంపు నిర్దోషి, లోపం దాని వెనక ఉన్న పైపుది గానీ ట్యాంకుది గానీ. అప్పుడూ ఆగిపోతే నేను కావలి వారి పక్షానికి వస్తాను. ఈ పని ఆరుబయట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, డబ్బాను వేడి తగలనంత దూరంలో ఉంచి చేయాలి. సీసాలోకి కొలిచేటప్పుడు కాయిల్ (ప్లగ్గులకు నిప్పురవ్వ కరెంటు ఇచ్చేది) నడిమి తీగను తీసి బాడీకి ఎర్త్ చేయకుండా సెల్ఫ్ కొట్టవద్దు. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు.

కొలత గురించి ఒక లెక్క. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే గంటకు 6 లీటర్లు, అంటే నిమిషానికి 100 మిల్లీలీటర్లు తాగుతుంది. ఈ 1489 సీసీ ఇంజనుకు ఆరోగ్యంగా ఉన్న మెకానికల్ పంపు అంతకు కొన్ని రెట్లు ఇవ్వగలదు. కనుక ధార చూసి బాగుందనో బాగోలేదనో అనుకోవడం కంటే సీసాను, గడియారాన్ని నమ్ముకోవడం మేలు.

కావలి వర్క్‌షాపు:

అయ్యా, పుస్తకం ప్రకారం మీది సరే. కానీ ట్యాంకు దించడం చెప్పినంత తేలిక కాదు. పట్టీల బోల్టులు తుప్పుతో బిగుసుకుని స్పానర్ వేయగానే తెగుతాయి, పెట్రోలు ముల్లుకు సంబంధించిన ఫ్లోట్ చేతికి ఊడివస్తుంది, లోపలి తుప్పు గీకేసరికి అడుగున చిల్లులు బయటపడతాయి. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో కొన్ని ట్యాంకులను నిలబెట్టేది ఆ తుప్పే. ఎలక్ట్రిక్ పంపుకు ముందు ఒక ఫిల్టరు పెట్టి, మడ్డి వచ్చినన్నాళ్ళూ ఫిల్టర్లు మారుస్తూ పోతే సరిపోతుంది కదా?

విశ్రాంత అధ్యాపకుడు, ఒంగోలు:

సరిపోదని నా అభిప్రాయం. అడ్డంకి జాలీ దగ్గర ఉన్నప్పుడు దాని తరువాత ఎన్ని ఫిల్టర్లు పెట్టినా జాలీ శుభ్రపడదు. పైగా చాలా ఎలక్ట్రిక్ పంపులకు చల్లదనమూ జారుడూ ఇచ్చేది వాటిలో ప్రవహించే పెట్రోలే. అది అందక ఎండి తిరిగితే కొత్త పంపు కూడా త్వరగానే పోతుంది. మన బంకుల్లో ఇప్పుడు వచ్చే పెట్రోలును కూడా గుర్తుంచుకోవాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, ఇప్పుడు దేశమంతటా అదే మామూలు పెట్రోలు అయింది. ఇథనాల్ పాత జిగురును కరిగించి వదిలిస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, 1970ల నాటి రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. కొత్త పెట్రోలు పోశాకనే ఇబ్బంది బయటపడడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఏ పంపు ఉంచుకున్నా రబ్బరు పైపులన్నీ, డయాఫ్రమూ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చవలసిందే. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ భేదం ఉండదనుకుంటాను.

పాతబండి, నెల్లూరు:

మీరు చెప్పిన వరుసలోనే చేశాము. మూత వదులు చేసి నడిపితే మార్పు లేదు. డబ్బా నుంచి పెట్టినప్పుడు షెడ్డు ముందు ఎంతసేపు రేసు చేసినా ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. తరువాత మూత తీసి, పంపు వైపు నుంచి ట్యాంకులోకి కాలిపంపుతో గాలి కొడితే లోపల బుడబుడమని, ఆ తరువాత బండి మునుపటికంటే ఎక్కువ దూరం వెళ్ళి ఆగింది. ఇక సందేహం లేదని ట్యాంకు దించాము. కావలి వారన్నట్టే ఒక బోల్టు తెగింది. జాలీ చుట్టూ గోధుమరంగు జిగురు తొక్కలా పట్టుకుని ఉంది, అడుగున తుప్పు పెళ్ళలు, వార్నిష్ వాసన. అదృష్టవశాత్తు చిల్లులు లేవు. లోపల కోటింగు వేయించమని కొందరు, వద్దని కొందరు అంటున్నారు.

గూడూరు సభ్యుడు:

చిల్లులు లేనప్పుడు కోటింగు వద్దు. లోపలి తుప్పూ జిడ్డూ పూర్తిగా పోకుండా వేసిన పూత కొన్నాళ్ళకు పొరలుగా లేచి, తుప్పు కంటే మొండిగా జాలీకి అడ్డం పడుతుంది. ముందు జిగురును థిన్నరుతో కడిగించి, గులకరాళ్ళు వేసి ఊపించి, వేడినీళ్ళలో కలిపిన నిమ్మ ఉప్పును రాత్రంతా ఉంచి, వంట సోడా నీళ్ళతో కడిగి వెంటనే గాలి కొట్టి ఆరబెట్టండి. ఆరీ ఆరకుండా వదిలితే మన తేమకు గంటల్లోనే మళ్ళీ ఎర్రబడుతుంది కాబట్టి ఆరగానే కాస్త ఇంజన్ ఆయిలు కలిపిన పెట్రోలుతో లోపలంతా తడపండి. ఎప్పుడైనా అతుకు వేయించవలసి వస్తే ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగుకు ఇవ్వకండి. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే పేలుతుంది.

కావలి వర్క్‌షాపు:

ట్యాంకు విషయంలో ఒంగోలు వారి మాటే నెగ్గింది, ఒప్పుకుంటాను. ఎండాకాలం విషయంలో మాత్రం నా మాట నాదే. పాత పంపుకు కొత్త డయాఫ్రం వేయించి దాన్ని అలాగే ఉంచండి; మే నెలలో వేడికి ఆగిపోవడం కనిపిస్తే అప్పుడు ట్యాంకు పక్కన ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకోవచ్చు. కార్బురేటరు బండికి 2 నుంచి 4 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఇచ్చేదే కొనాలి. ఇంజెక్షన్ కార్ల పంపు 40 పీఎస్ఐ పైన తోస్తుంది, కార్బురేటరులోకి పెట్రోలును ఆపే నీడిల్ వాల్వు దాన్ని ఆపలేక కార్బురేటరు పొంగి వేడి మానిఫోల్డు మీద కారుతుంది. ఫ్యూజుతో పాటు ప్రమాదంలో బండి గుద్దుకుంటే కరెంటు తెంచే స్విచ్చు కూడా ఉండాలి, ఎందుకంటే ఇంజను ఆగినా ఎలక్ట్రిక్ పంపు తోస్తూనే ఉంటుంది. ట్యాంకు బిగించేటప్పుడు ఆ తెగిన బోల్టుతో పాటు మిగతావీ కొత్తవే వేసి గ్రీజు పెట్టండి.

విశ్రాంత అధ్యాపకుడు, ఒంగోలు:

ఆ షరతులతో నాకు అభ్యంతరం లేదు. కార్బురేటరు గిన్నె కూడా ఒకసారి విప్పి జెట్లు (పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రాలు) చూసుకోండి. జాలీని దాటిన మడ్డి కొంత అక్కడికి చేరే ఉంటుంది.