సీసీటీవీ దృశ్యాల్లో దుస్తులను బట్టి మనిషిని గుర్తించడం ఎంతవరకు నమ్మదగింది?

ప్రశ్న (ఎం.టెక్ విద్యార్థిని):
అందరికీ నమస్కారం. జాతరల్లో తప్పిపోయిన పిల్లలను, వృద్ధులను వారు వేసుకున్న బట్టలను బట్టి కెమెరా దృశ్యాల్లో వెతికే పద్ధతిపై ప్రాజెక్టు చేస్తున్నాను. ఇందుకు మార్కెట్-1501 డేటాసెట్‌పై (వేర్వేరు కెమెరాలకు చిక్కిన పాదచారుల చిత్రాల సేకరణ) శిక్షణ పొందిన ఓఎస్‌నెట్ అనే కృత్రిమ మేధ మోడల్‌ను తీసుకున్నాను. ఆ డేటాసెట్‌లో నూటికి దాదాపు 95 సార్లు సరైన వ్యక్తినే మొదటి స్థానంలో చూపే ఈ మోడల్, మా ఊరి ఉత్సవంలో అనుమతి తీసుకుని చిత్రీకరించిన వీడియోలో మాత్రం చీర కట్టుకున్న ఒకే మహిళను ముందు నుంచి ఒకరిగా, వెనుక నుంచి మరొకరిగా లెక్కిస్తోంది. చీకటి పడ్డాక ఫలితాలు ఏమాత్రం పనికిరావడం లేదు. లోపం మోడల్‌లో ఉందా, డేటాలో ఉందా, లేక దుస్తులను నమ్ముకోవడంలోనే ఉందా?

జవాబు 1:
ముందుగా డేటా సంగతి చూడండి. మార్కెట్-1501 చిత్రాలను చైనాలోని సింఘువా విశ్వవిద్యాలయంలో, ఒక సూపర్‌మార్కెట్ ఎదుట ఆరు కెమెరాలతో తీశారు. అందులో కనిపించేవి ఎక్కువగా టీషర్టులు, నిక్కర్లు, ప్యాంట్లు, గౌన్లు. వీటి రంగు ముందూ వెనుకా దాదాపు ఒకటే. చీర అలా కాదు: ముందు వైపు కుచ్చిళ్లు, ఒక పక్కన జాకెట్టు చేయి, వెనుక వేలాడే కొంగు, వీటికి తోడు వేరే రంగు అంచు. ఇలాంటి వస్త్రాన్ని ఎన్నడూ చూడని మోడల్ ఆ రెండు వైపులనూ ఒకే మనిషికి ముడిపెట్టలేదు. మన దగ్గర తీసిన చిత్రాలతో, ప్రతి వ్యక్తినీ అన్ని వైపుల నుంచి చూపిస్తూ మళ్లీ శిక్షణ ఇవ్వక తప్పదు.

ఇక రాత్రి విషయం. వెలుతురు తగ్గగానే కెమెరా తన సెన్సర్ ముందున్న, కంటికి కనిపించని పరారుణ (ఐఆర్) కాంతిని అడ్డుకునే ఫిల్టర్‌ను పక్కకు జరిపి, సొంత ఐఆర్ దీపాల వెలుగులో నలుపు-తెలుపు చిత్రం తీస్తుంది. కంటికి నల్లగా కనిపించే బట్టల్లో చాలావాటి అద్దకం పరారుణ కాంతిని పీల్చుకోదు కాబట్టి, పగలు నల్లగా ఉన్న చొక్కా రాత్రి దృశ్యంలో లేత బూడిద రంగులో, ఒక్కోసారి తెల్లగా కూడా వస్తుంది. అందువల్ల పగటి చిత్రాన్ని రాత్రి చిత్రంతో రంగు ఆధారంగా పోల్చకండి.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూనే, మీ మూడో సందేహమే అసలైనదని చెప్పదలచుకున్నాను. పర్సన్ రీ-ఐడెంటిఫికేషన్ (ఒక కెమెరాలో కనిపించిన మనిషిని మరో కెమెరాలో గుర్తుపట్టే) మోడళ్లు మనిషిని నేర్చుకుంటున్నామనుకుంటూ చాలావరకు బట్టలనే నేర్చుకుంటాయి. 2019లో వచ్చిన పీఆర్‌సీసీ డేటాసెట్‌లో 221 మందిని బట్టలు మార్చి కూడా చిత్రీకరించారు. బట్టలు అవే ఉన్నప్పుడు నూటికి 99 పైగా సరిగ్గా చెప్పిన పీసీబీ అనే మరో మోడల్, మార్చాక 42 వద్దే ఆగిపోయింది. బట్టలు మారకపోయినా చిక్కు తప్పదు: అయ్యప్ప దీక్షల కాలంలో ఏ రైల్వే ప్లాట్‌ఫాం దృశ్యం తీసుకున్నా నల్లబట్టల స్వాములు వందల్లో ఉంటారు.

అయితే మీ అవసరానికి ఈ పద్ధతి సరిపోతుందనే నా అభిప్రాయం. తప్పిపోయిన పాప ఆ రెండు మూడు గంటల్లో బట్టలు మార్చుకోదు. తల్లి “పసుపు పరికిణీ, ఎర్ర జాకెట్టు” అని చెప్పగానే, ఆ పాప చివరిసారి కనబడిన చోటు నుంచి నడిచి చేరగలిగిన కెమెరాలను మాత్రమే, ఆ వ్యవధికి మాత్రమే గాలించి, పోలిన చిత్రాలను తల్లి ముందు పెట్టండి. ఎవరన్నది ఆమే తేలుస్తుంది. మోడల్ పని జల్లెడ పట్టడం వరకే.

జవాబు 3:
ఆ జల్లెడనే సాక్ష్యంగా వాడాలనుకునేవారు ఉంటారు కాబట్టి ఈ మాట. మోడల్ ఇచ్చే 0.8 స్కోరుకు అర్థం, ఆ ఇద్దరూ ఒకరే కావడానికి 80 శాతం అవకాశం ఉందని కాదు. రెండు చిత్రాలు మోడల్ దృష్టిలో ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే. ఆ అంకెను తెరపై చూపితే కంట్రోల్ రూంలోని ఉద్యోగి దాన్ని నిర్ధారణగానే తీసుకుంటారు. దయచేసి చూపకండి.

అలాగే చిత్రీకరించిన వీడియోను ఇతరులకు పంచవద్దు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఎనిమిది కెమెరాలతో తీసిన డ్యూక్‌ఎంటీఎంసీ డేటాసెట్‌ను ఎందరో పరిశోధకులు వాడుకున్నాక, విమర్శలు రావడంతో 2019లో తొలగించారు. అప్పటికే ప్రతులు ఎక్కడెక్కడికో చేరిపోయాయి. మీ వీడియోలో పిల్లలు కూడా ఉన్నారు; వారి తల్లిదండ్రుల నుంచి విడిగా సమ్మతి తీసుకుని, ప్రాజెక్టు పూర్తయ్యాక వీడియోను చెరిపేసే తేదీని ఆ పత్రంలోనే రాయండి.