అప్‌డేట్: అనలిస్ట్ అని చేర్చుకుని కాపీ-పేస్ట్ పని ఇచ్చారు

డేటా అనలిస్ట్‌గా చేర్చుకుని రోజంతా ఎక్సెల్ ఫైళ్లు అతికించే పని ఇస్తున్నారు, మానేయాలా అని అడిగాను కదా. మానలేదు. పని కొంత మారింది, వేరే ఉద్యోగం కోసం వెతుకులాట మాత్రం ఆపలేదు.

బాగా పనికొచ్చిన సలహా: ఏ పనికి ఎన్ని గంటలు పోతున్నాయో రాసి, జాబ్ డిస్క్రిప్షన్ పక్కన పెట్టి మేనేజర్‌కి చూపించడం. "బోర్‌గా ఉంది" అంటే ఫిర్యాదులా వినిపిస్తుంది, గంటల లెక్క చూపిస్తే చర్చ మొదలవుతుంది. "చూద్దాం" అంటే తేదీ అడగండి. మాట్లాడుకున్నది అదే రోజు మెయిల్‌లో పెట్టండి.

అతికించే పనిని పవర్ క్వెరీకి (ఎక్సెల్‌లోనే ఉండే, ఫైళ్లను తెచ్చి కలిపే సాధనం) అప్పగించవచ్చు: ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసి, 'ఫ్రమ్ ఫోల్డర్'తో కలిపి, రిఫ్రెష్ నొక్కడమే. ఎవరైనా కాలమ్ పేరు మారిస్తే మాత్రం ఎర్రర్ వస్తుంది. కారణం చాలాసార్లు ఏ కాలమ్‌లో అంకెలు, ఏ కాలమ్‌లో తేదీలు అని డేటా టైపులు పెట్టడానికి దానంతటదే చేరే 'ఛేంజ్డ్ టైప్' స్టెప్: అది పాత పేరునే వెతుకుతుంది. అక్కడ ఆ స్టెప్ తీసేసి, డేటా టైపులు చివర్లో ఒక్కసారి పెట్టుకోవాలి. రెజ్యూమెలో రాసుకోవడానికీ ఇది పనికొస్తుంది, ఆ ఉద్యోగం ఎంత నీరసమైనదైనా సరే!

లింక్డిన్‌లో 'ఓపెన్ టు వర్క్' (ఉద్యోగం వెతుకుతున్నానని తెలిపే గుర్తు) రిక్రూటర్లకే కనిపించేలా పెట్టినా పూర్తి గోప్యతకు హామీ లేదని లింక్డిన్ వాళ్లే చెబుతారు. ఇంత త్వరగా ఎందుకు మారుతున్నారని ఇంటర్వ్యూలో అడిగితే ఒక్క వాక్యం చాలు: "చెప్పిన పనికీ, ఇచ్చిన పనికీ తేడా ఉంది." రాజీనామాకి ముందు ప్రొబేషన్‌లో నోటీసు ఎంతో, జాయినింగ్ బోనస్ తిరిగి కట్టాలో లేదో కాంట్రాక్టులో చూసుకోండి. కొత్త ఆఫర్ రాతపూర్వకంగా చేతికి వచ్చేదాకా రాజీనామా మాటే ఎత్తొద్దు.