హౌస్ బ్యాటరీ నిండుగా ఉన్నా బండి బ్యాటరీ దిగిపోతోంది: సోలార్‌తో నిలబెట్టడం ఎలా?

చక్రాలిల్లు:
మోటర్‌హోమ్ రూఫ్ మీద 120 వాట్ల ప్యానెల్ ఉంది. హౌస్ బ్యాటరీకి (లోపలి ఫ్యాన్, పంపు లాంటివి నడిపేది) ఏ లోటూ లేదు. కానీ బండి నెల పైన కదలకుండా ఉంటే ఇంజిన్ బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ తిరగడం లేదు. ఇంజిన్ బ్యాటరీ 95 యాంపియర్-అవర్, మామూలు లెడ్ యాసిడ్. అలారం, ట్రాకర్ ఉన్నాయి కాబట్టి టెర్మినల్ విప్పేసి ఉంచడం కుదరదు. బండి ఉంచే చోట కరెంటు పాయింటు లేదు. ఇంకో ప్యానెల్ కొనాలా, ఉన్నదాన్నే వాడుకోవచ్చా?

మిల్లీయాంప్:
ప్యానెల్ సంగతి తర్వాత చూద్దామండీ. బండి ఆగి ఉన్నప్పుడు ఎంత లాగుతోందో ముందు కొలవండి. అలారం, ట్రాకర్, రేడియో మెమరీ, సెంట్రల్ లాక్ రిసీవర్ అన్నీ కలిపి 30 మిల్లీయాంప్‌లు లాగితే రోజుకు 0.72 యాంపియర్-అవర్, నెలకు దాదాపు 22 పోతుంది. అదే 60 అయితే రోజుకు 1.44, నెలకు 43. బ్యాటరీ తనంతట తాను కోల్పోయేది నెలకు 3 నుంచి 5 శాతం, అదీ కలపండి. మీ 95లో సగం అక్కడే అయిపోయింది. మిగిలిన సగంతో చలిలో డీజిల్ ఇంజిన్‌ని తిప్పమంటే కష్టమే.

కొలిచేటప్పుడు మీటర్ వైరు 10 యాంప్ సాకెట్‌లోనే ఉండాలి, మిల్లీయాంప్ సాకెట్‌లో కాదు. బండిలోని కంప్యూటర్లు మేలుకుంటే కొన్ని యాంపియర్లు లాగుతాయి, చిన్న రేంజి ఫ్యూజు ఠప్పున పోతుంది. మీటర్ ఒక కొనను మైనస్ పోస్టుకి, రెండోదాన్ని మైనస్ కేబుల్‌కి క్లిప్ చేశాకే క్లాంప్ పైకి లేపాలి. మధ్యలో సర్క్యూట్ తెగకూడదు. తలుపుల లాచ్‌లు, బానెట్ లాచ్ మూసి ఉన్నట్టు నొక్కిపెట్టి, తాళం చెవి దూరంగా ఉంచి, అరగంట నుంచి గంట ఆగండి. అప్పుడు కనిపించేదే అసలు అంకె. మీటర్ మధ్యలో ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి.

50 మిల్లీయాంప్‌లు దాటితే ఎక్కడ పోతోందో వెతకాలి. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడడం అందరూ చెప్పే పద్ధతి. కానీ తిరిగి పెట్టినప్పుడల్లా ఆ మాడ్యూల్ మేలుకుని లెక్క చెడగొడుతుంది. దానికన్నా ఫ్యూజు పైన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు చూడండి. సున్నా కాకపోతే ఆ లైన్‌లో కరెంటు పారుతున్నట్టే. తరచుగా దొరికే దొంగలు: తర్వాత బిగించిన రేడియో, వెనక కెమెరా, క్యాబ్‌లో వదిలేసిన యూఎస్‌బీ చార్జర్.

రాగితీగ:
మిల్లీయాంప్ గారి లెక్కలోనే జవాబు ఉంది. కావలసింది రోజుకు ఒకటి, ఒకటిన్నర యాంపియర్-అవర్. 120 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో అంతా పావుగంటలో ఇచ్చేస్తుంది. లోటు ప్యానెల్‌లో లేదు, అది వెళ్ళే దారిలో ఉంది. చాలా మోటర్‌హోమ్‌లలో సోలార్ కంట్రోలర్‌ను (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్ళే చార్జింగ్‌ను అదుపు చేసే డబ్బా) హౌస్ బ్యాటరీ ఒక్కదానికే కలుపుతారు. రెండు బ్యాటరీల మధ్య ఉన్న రిలే (తనంతట తానే కలిపి విడదీసే స్విచ్) ఇంజిన్ నడిచేటప్పుడే మూసుకుని రెంటినీ కలుపుతుంది. బయటి కరెంటు పెడితే లోపలి చార్జర్ బండి బ్యాటరీకీ ఒకటో రెండో యాంపియర్లు పంపే ఏర్పాటు కొన్నిట్లో ఉంటుంది. అది చూసి సోలార్ కూడా పంపుతుందనుకోవడం మామూలే.

ముందు మీ కంట్రోలర్ వెనక చూడండి. రెండో అవుట్‌పుట్ ఉండి, దానికి ఏ వైరూ కలపకుండా వదిలేసి ఉండొచ్చు. ఉంటే పని సులువు: అక్కడినుంచి బండి బ్యాటరీ ప్లస్‌కి ఒక వైరు, దారిలో ఫ్యూజు, అంతే. ఈ అవుట్‌పుట్ చాలావాటిలో ఒక యాంపియర్ చుట్టూనే ఇస్తుంది, నిలబెట్టడానికి అది చాలు. కొన్ని మోడళ్లలో 90/10 (హౌస్‌కి 90 శాతం, బండికి 10) అనో 50/50 అనో వాటా పెట్టుకోవచ్చు, 90/10 సరిపోతుంది.

లేకపోతే బ్యాటరీ మెయింటెయినర్ అనే చిన్న డబ్బా దొరుకుతుంది. దాన్ని రెండు బ్యాటరీల ప్లస్‌లకూ మధ్య కలపాలి, ఎర్త్‌కి ఇంకో వైరు. హౌస్ బ్యాటరీ వోల్టేజి 13 పైన ఉన్నప్పుడు బండి బ్యాటరీకి కొంచెం కొంచెంగా పంపుతుంది, హౌస్ పడిపోతే ఆపేస్తుంది, వెనక్కి రానివ్వదు. నా ఓటు దీనికే.

గట్టిఎండ:
రెండు వైపులా వోల్టేజి చూసే రిలే ఉండగా ఇవన్నీ ఎందుకు? ఏ వైపు 13.3 దాటినా కలుపుతుంది, 12.8కి పడితే విడదీస్తుంది. డైనమో చార్జింగ్, సోలార్ చార్జింగ్ రెండూ ఒకే డబ్బాతో అయిపోతాయి.

రాగితీగ:
వేసవిలో నిజమే, భేషుగ్గా పనిచేస్తుంది. చలికాలంలోనే తేడా కొడుతుంది. పలచని ఎండలో హౌస్ బ్యాటరీ 13.3కి చేరకపోతే బండి బ్యాటరీకి చుక్క కూడా అందదు. చేరి కలిసినా, హీటర్ ఫ్యానో పంపో తిరగగానే 12.8కి పడి విడిపోతుంది, ఎండకు మళ్ళీ పైకి లేచి కలుస్తుంది. టక్కు టక్కుమంటూ ఇదే వరస. మామూలు రిలే కాయిల్ మూసుకుని ఉన్నంతసేపూ 100 మిల్లీయాంప్‌లు, ఒక్కోదానిలో అంతకన్నా ఎక్కువే తింటుంది. ఆరు గంటలు మూసి ఉంటే 0.6 యాంపియర్-అవర్. బండి బ్యాటరీకి రోజుకు కావలసినదానిలో ఇంచుమించు సగం రిలేకే పోయింది! పైగా బాగా దిగిన బండి బ్యాటరీకి నిండు హౌస్ బ్యాటరీ నేరుగా కలిస్తే ఒక్కసారిగా పదుల యాంపియర్లు పారతాయి. దానికి తగ్గ లావు కేబుల్ వేయాలి.

డయోడ్‌రాజు:
మెయింటెయినర్ కొనకుండా చేసుకోవాలనుకునేవారికి: 10 యాంపియర్ల షాట్కీ డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది, తక్కువ వోల్టేజి తినే రకం) ఒకటి, 1 ఓం 25 వాట్ల రెసిస్టర్ ఒకటి (అల్యూమినియం ఒంటితో బోల్టు బిగించేది), రెండు కొనల్లో 5 యాంప్ ఫ్యూజులు. హౌస్ ప్లస్ నుంచి ఫ్యూజు, రెసిస్టర్, డయోడ్, ఫ్యూజు, బండి ప్లస్. డయోడ్ మీది గీత బండి బ్యాటరీ వైపు ఉండాలి.

రెసిస్టర్ ఎందుకు వద్దనుకుంటారో గానీ అదే ప్రాణం. హౌస్ 14.4 ఉండి, బండి బ్యాటరీ 10.5కి పడిపోయిందనుకోండి. తేడా 3.9. డయోడ్ 0.4 తీస్తే 3.5 వోల్టులు. 1 ఓం ఉంటే కరెంటు 3.5 యాంపియర్ల దగ్గర ఆగుతుంది, రెసిస్టర్ 12 వాట్ల వేడి భరిస్తుంది. అది లేకపోతే ఆపేది వైరు, బ్యాటరీల లోపలి నిరోధం మాత్రమే. ముందు ఫ్యూజు పోతుంది, ఫ్యూజు లేకపోతే డయోడ్ కాలుతుంది. మామూలు రోజుల్లో పారేది 60 మిల్లీయాంప్‌లే కాబట్టి రెసిస్టర్ మీద పోయేది 0.06 వోల్టు, లెక్కలోకి రాదు.

మామూలు సిలికాన్ డయోడ్ వద్దు. దాదాపు 0.7 వోల్టు మింగేస్తుంది. హౌస్ ఫ్లోట్ (నిండాక నిలబెట్టే వోల్టేజి) 13.6 ఉంటే షాట్కీతో అవతల 13.2 దాకా వస్తుంది, సిలికాన్‌తో 12.9. నిండిన లెడ్ బ్యాటరీ ఊరికే ఉంటేనే 12.7 చూపిస్తుంది కదా, 12.9తో అది నిండే పని ఉండదు.

తెల్లపెట్టె:
హౌస్ బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే ఇదే పద్ధతి నడుస్తుందా?

డయోడ్‌రాజు:
నడుస్తుంది గానీ తీరు మారుతుంది. ఆ బ్యాటరీ చార్జింగ్ లేకుండా ఊరికే ఉన్నా 13.2, 13.3 చూపిస్తుంది, బాగా ఖాళీ అయ్యేదాకా పెద్దగా తగ్గదు. కాబట్టి డయోడ్ గుండా రాత్రీ పగలూ పంపుతూనే ఉంటుంది. బండి బ్యాటరీకి హాయి. కానీ ఎండ లేని వారాల్లో అలారం, ట్రాకర్ ఖర్చంతా హౌస్ బ్యాటరీ మీదే పడుతుంది. గట్టిఎండ గారు చెప్పిన రిలే అయితే ఇంకా ఇబ్బంది: 12.8 దగ్గర విడిపోవాలన్న సెట్టింగ్ లెడ్‌కి సరిపోయేది. లిథియం అక్కడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా రెండూ కలిసే ఉంటాయి. లిథియం కోసం తయారుచేసిన రిలే వేరే ఉంటుంది.

మరొకటి. ఉష్ణోగ్రత 0 డిగ్రీల కిందికి వెళ్తే ఆ బ్యాటరీలోని బీఎంఎస్ (దాన్ని కాపాడే సర్క్యూట్) చార్జింగ్ ఆపేస్తుంది, బయటికి ఇవ్వడం మాత్రం ఆపదు. చలి వారాల తరబడి ఉంటే సోలార్ లోపలికి పోదు, బండి బ్యాటరీకి వెళ్ళేది ఆగదు.

మిల్లీయాంప్:
చలి మాట వచ్చింది కాబట్టి: నిండిన లెడ్ బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల దగ్గరైనా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయిన దానిలో యాసిడ్ దాదాపు నీళ్ళే, మైనస్ 7, మైనస్ 10కే గడ్డకట్టి డొక్క పగులుతుంది. ఉబ్బి ఉన్నదాన్ని చార్జ్ చేయకండి, మార్చేయండి.

అద్దంచాటు:
రూఫ్ వైరింగ్ ముట్టుకోకుండా డాష్‌బోర్డు మీద 10 వాట్ల ప్యానెల్ పెట్టి సిగరెట్ సాకెట్‌లో గుచ్చితే చాలదా?

రాగితీగ:
మూడు అడ్డంకులు ఉన్నాయి. ఒకటి, చాలా బండ్లలో తాళం చెవి తీసేస్తే ఆ సాకెట్ చచ్చిపోతుంది. ప్యానెల్ ఎంత ఇచ్చినా బ్యాటరీకి చేరదు. మీటర్‌తో చూడండి, చెవి తీసి గంటయ్యాక కూడా 12 వోల్టులు ఉంటేనే పనికొస్తుంది. లేకపోతే ఓబీడీ సాకెట్ (మెకానిక్ బండి కంప్యూటర్‌ను పరీక్షించేది) ఉంది: 16వ పిన్ ఎప్పుడూ బ్యాటరీ ప్లస్, 4వది ఎర్త్. ఈ రెండు పిన్‌లకే వైర్లున్న అడాప్టర్ వాడాలి. డేటా పిన్‌లు కూడా కలిపేది వద్దు, బండి కంప్యూటర్ నిద్రపోకుండా చేయగలదు.

రెండోది, గాజు. లామినేట్ చేసిన, రంగు ఉన్న ముందు అద్దం చాలా వెలుగు తినేస్తుంది. స్టీరింగ్ నీడో వైపర్ నీడో ఒక్క సెల్ మీద పడినా 36 సెల్స్ వరుసగా ఉన్న ప్యానెల్ ఇచ్చేది కుప్పకూలుతుంది. మూడోది, చలికాలం లెక్క. 10 వాట్ల ప్యానెల్ నిండు ఎండలో 0.55 యాంపియర్ ఇస్తుంది. బలహీనమైన రోజున నిండు ఎండతో సమానమైన వెలుగు గంటసేపు కూడా రాకపోవచ్చు. నష్టాలు తీసేస్తే రోజుకు 0.45 యాంపియర్-అవర్. 30 మిల్లీయాంప్‌ల బండికే 0.72 కావాలి! కంట్రోలర్ స్వయంగా 10 మిల్లీయాంప్‌లు తింటే ఇంకో 0.24 పోతుంది. విడి ప్యానెల్ పెట్టాలంటే అద్దం బయట, వాలుగా, 20 వాట్లకు తగ్గకుండా పెట్టండి.

కంట్రోలర్ లేకుండా నేరుగా కలపడం గురించి: ఏ లోడూ లేనప్పుడు ఈ ప్యానెళ్ల వోల్టేజి 21, 22 దాకా ఉంటుంది. వేసవిలో వారాలపాటు వదిలేస్తే 20 వాట్లు కూడా బ్యాటరీని మరిగించి నీరు ఆర్చేస్తుంది. బ్లాకింగ్ డయోడ్ లేని ప్యానెల్ రాత్రి వెనక్కి కొంత లాగుతుంది కూడా. చిన్న పీడబ్ల్యూఎం (సాదా రకం) కంట్రోలర్ పెట్టేయండి. కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత; విప్పేటప్పుడు తలకిందులు. 12, 24 తానే గుర్తుపట్టే కంట్రోలర్‌కు ప్యానెల్ ముందు కలిపితే తప్పుగా లెక్కవేసుకోగలదు. ఒకే ప్యానెల్‌ను రెండు కంట్రోలర్లకు పంచాలని చూడకండి, ఎంపీపీటీలు (ప్యానెల్ ఎక్కువ ఇచ్చే వోల్టేజిని వెతుక్కునే కంట్రోలర్లు) ఒకదాన్నొకటి లాగి రెండూ సరిగ్గా పనిచేయవు.

తుప్పువేట:
వైరింగ్‌లో ఎవరూ చెప్పని ఒక సంగతి. కొత్త బండ్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న డబ్బా బిగించి ఉంటుంది, బ్యాటరీ సెన్సర్. మీ చార్జింగ్ మైనస్ వైరును దాన్ని దాటవేసి నేరుగా పోస్టుకు కలిపితే లోపలికి వచ్చిన కరెంటు సెన్సర్‌కు కనపడదు. బ్యాటరీ ఇంకా ఖాళీగానే ఉందనుకుని బండి స్టార్ట్-స్టాప్ (ఆగినప్పుడు ఇంజిన్ తానే ఆగి మళ్ళీ మొదలయ్యే ఏర్పాటు) ఆపేస్తుంది, డైనమోను అక్కర్లేకుండా నడుపుతుంది. మైనస్‌ను చాసిస్ ఎర్త్ బోల్టుకే కలపండి, రంగు గీకి, శుభ్రం చేసి, కాస్త గ్రీజు రాసి.

ఫ్యూజు రెండు కొనల్లోనూ ఉండాలి, ఒక్కోటి ఆ బ్యాటరీ ప్లస్‌కి 15, 20 సెంటీమీటర్ల లోపే. వైరుకి రెండు వైపులా బ్యాటరీలే కాబట్టి మధ్యలో ఒరిపిడికి తొడుగు చినిగి బాడీకి తగిలితే రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది. మందం లెక్క: ఒక యాంపియర్, 5 మీటర్ల దూరం, పోనూ రానూ 10 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 0.12 వోల్టు పోతుంది, 2.5లో 0.07. నేనైతే 2.5 వేస్తాను. వోల్టేజి కోసం కంటే, సన్న వైరు క్రింపు (కొనకు నొక్కి బిగించిన టెర్మినల్) దగ్గర తెగుతుందన్న లెక్కతో.

చక్రాలిల్లు:
కంట్రోలర్ వెనక రెండో అవుట్‌పుట్ ఉంది, ఖాళీగా. కలిపేస్తాను. ఇప్పుడు బ్యాటరీ 12.0 దగ్గర ఉంది. సోలార్ మీదే వదిలేస్తే తేరుకుంటుందా?

మిల్లీయాంప్:
వదలకండి. 12.0 అంటే పావు వంతు. నింపడానికి 70, నష్టాలతో 80 యాంపియర్-అవర్లు కావాలి. ఒక యాంపియర్ అవుట్‌పుట్ రోజుకు ఐదు గంటలు పూర్తిగా ఇచ్చినా రెండు వారాలు దాటుతుంది, అన్ని రోజులూ పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతూ ఉంటుంది. మామూలు చార్జర్‌తో 14.4 దాకా నింపి, ఒక రాత్రి ఆగి 12.6 పైన నిలిచిందో లేదో చూడండి. నిలవకపోతే ఏ ప్యానెలూ దాన్ని బాగుచేయలేదు.

కలిపాక రెండు అంకెలు చూడండి, ఎండ రాకముందు ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మధ్యాహ్నం బండి బ్యాటరీ 13 పైకి లేస్తే దారి తెరిచి ఉన్నట్టు. పొద్దున ఉన్న అంకే ఉంటే ఫ్యూజో క్రింపో చూడాలి. రాత్రిపూట రెండు బ్యాటరీలూ చివరి అంకె దాకా ఒకే వోల్టేజి చూపిస్తుంటే పాత రిలే అతుక్కుపోయి ఉండొచ్చు.

చక్రాలిల్లు:
బండికి గుడ్డ కవర్ వేసి ఉంచుతారు కదా, దాని కింద ఏమైనా వస్తుందా?

తుప్పువేట:
లెక్కపెట్టేంత రాదు. ప్యానెల్ వరకు కవర్‌ను మడిచి కట్టండి, లేదా ఆ మేర కోసి అంచు కుట్టించండి. గాలికి కొట్టుకునే అంచు ప్యానెల్ గాజు మీద గీతలు పెడుతుంది, అక్కడ మెత్తటి పట్టీ వేయించండి.