చిన్నప్పటి పుస్తకాలే మళ్ల మళ్ల చదువుడు, మీకు గూడ ఇట్లనే ఉంటదా?

కాజీపేట_ప్యాసింజర్:
అందరికి నమస్తే. ఉండేది హన్మకొండల, వయసు 51. ఏడాదికి పది పన్నెండు పుస్తకాలు కొంట, సగం గూడ పూర్తి కావు, ఇరవై పేజీలు కాంగనె చెయ్యి ఫోన్ మీదికి పోతది. మొన్న పరకాల దిక్కు అమ్మమ్మ ఇల్లు సదురుతుంటె సందూకల మా మేనమామ దాచిన చందమామలు దొరికినయ్, 1978, 79యి. అట్టలు లేవు, అంచులకు చెద పట్టింది. అన్నం గూడ మర్చిపోయి రాత్రి నాలుగు చదివిన. అన్ని తెలిసిన కథలే, అయినా ఆపబుద్ధి కాలె. ఒక రాకుమారునికి చిన్నప్పుడు నేనే పెన్సిల్‌తోటి మీసాలు పెట్టిన, అది సూడంగనె నులక మంచం, తడి గోనెసంచి చుట్టిన కుండ, ఉప్పు కారం అద్దిన మామిడి ముక్కలు అన్ని కండ్ల ముందట తిరిగినయ్. ఇది చదువుడేనా, లేకుంటె యాదులు నెమరేసుడా? కొత్తయి ఎందుకు గిట్ల పట్టుకుంటలేవు?

కోరుట్ల_బిడ్డ:
అన్నా, మా అమ్మ బీడీలు చేసేది. వాకిట్ల వేపచెట్టు కింద ఐదారుగురు ఒడిల చాటలు పెట్టుకొని కూసునేటోళ్లు, నేను ఆరో తరగతి, గట్టిగ చదువుడు నా పని. కథ జోరు మీదికొస్తె తునికాకు కత్తిరిచ్చే చప్పుడు ఆగేది, రాక్షసుడు చచ్చినంక మళ్ల మొదలయ్యేది. బేతాళుడు ప్రశ్న అడిగిన కాడ మాత్రం నన్ను ముందుకు పోనిచ్చేటోళ్లు కాదు, ముందుగాల వాళ్లే తీర్పు చెప్పాలె. పక్కింటి పెద్దమ్మకు ఒక్క అక్షరం రాదు, విక్రమార్కుని జవాబు తప్పని రెండు రోజులు కొట్లాడింది! నాకు ఇప్పటికి మనసుల చదివితె కథ ఎక్కది, పెదవులు కదలాలె. అది యాదులే అనుకున్నా నాకేం బాధ లేదు.

నర్సంపేట_తెలుగు_సారు:
తమ్మీ, జర వేరే మాట చెప్త, ఏమనుకోకు. ఆ కథలు పెద్దయినంక చదివితె కొన్ని గుచ్చుకున్నయ్, సవతి తల్లి అంటె చెడ్డదే, పేదోడు మంచోడైతె రాజు బిడ్డనిచ్చి పెండ్లి చేసుడే. మనింటి మాట అండ్ల యాడ కనపడకపోయేది. పరీక్షల నేను దూప అని రాస్తె మా సారు ఎర్రపెన్నుతోటి కొట్టేసి దాహం అని రాసిండు, ఆ ఎర్రగీత నేనింక మర్వలె. అందుకే 26 ఏండ్లు బడిల చెప్పినన్ని రోజులు దూపకు మార్కులు కొయ్యలె.
అట్లని ఆ పత్రికను తక్కువ చేస్తలేను. 1947 జులైల మొదలైంది, కొడవటిగంటి కుటుంబరావు గారు 1980ల పోయేదాక కథలు ఎవరు పంపినా తిరగరాసి ఒక తీరుకు తెచ్చేటోళ్లు. వాక్యం చిన్నగ ఉంటది, ప్రతి వాక్యంల ఏదో ఒకటి జరుగుతది, అందుకే నువ్వు అన్నం మర్చిపోయినవ్. కొత్త పుస్తకం ఇరవై పేజీలకు ఆగితె తప్పంత నీదే అనుకోకు.

చౌరస్తా_పాఠకుడు:
నాకైతె బొమ్మలు. భుజం మీద శవం, చేతిల కత్తి, శంకర్ గారు గీసిన ఆ ఒక్క బొమ్మ సూస్తె ఎనుకటి భయం ఇంక అట్లనే ఉంటది. ఆయన 2020ల పోయిన్రని చదివిన రోజు ఇంటి మనిషి పోయినట్లయింది.
మాకు అప్పుడు పుస్తకాలు తక్కువ, పొద్దు ఎక్కువ, ఒక్కటే పదిసార్లు చదివేది, అందుకే లోపటికి దిగినయ్. హన్మకొండల ఉన్నరు గదా, రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే లైబ్రరీ 1904ల పెట్టింది, నిజాం రాజ్యంల తెలుగు పుస్తకం దొరుకుడే కష్టమున్న కాలం. ఒక పుస్తకం పట్టుకొని, ఫోన్ ఇంట్ల పెట్టి అసొంటి కాడ గంట కూసొని సూడుండ్రి.

కాజీపేట_ప్యాసింజర్:
సారూ, దూప సంగతి చదివి మనసు కలుక్కుమన్నది. కోరుట్ల చెల్లె చెప్పినట్లు నిన్న మా బిడ్డకు గట్టిగ చదివిన, పదకొండేండ్లది, ఇంగ్లీష్ మీడియం, తెలుగు కూడబలుక్కుంటది. బేతాళుడు అడిగిన కాడ ఆపిన. ప్రశ్నను వదిలేసి, శవం అంత బరువుంటె రాజు భుజం నొస్తలేదా నాన్నా అన్నది. ఇన్నేండ్లల నాకు ఆ ఆలోచనే రాలె. ఇయ్యాల ఇంకోటి చదువుమన్నది.
ఒక సాయం గావాలె. మా సందూకల 79 ఏప్రిల్ దాకనే ఉన్నయ్, సీరియల్ మధ్యల ఆగింది. మే నెలది ఎవరి దగ్గరన్న ఉంటె చెప్పుండ్రి, ఏ ఊరైనా సరే వచ్చి చదువుకొని అక్కడనే ఇచ్చేసి వస్త.