గెలాక్సీ సమూహాలను చూడటానికి పదునైన అద్దమా, తేలికైన అద్దమా?

మల్లేశ్వరం పాఠకుడు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఆదివారం బెంగళూరులో మన తెలుగు విజ్ఞాన మిత్రులం కొందరం కలిసినప్పుడు తేలకుండా మిగిలిన ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో ఒక మృదు (తక్కువ శక్తి గల) ఎక్స్-రే టెలిస్కోపు ఉంది. దాని అద్దాలు బంగారు పూత ఉన్న పలుచని అల్యూమినియం రేకులు. చుక్కలా కనిపించవలసిన వస్తువు అందులో కొన్ని ఆర్క్‌నిమిషాల (ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) వెడల్పున్న మచ్చగా పడుతుంది. 1999లో అమెరికా పంపిన చంద్ర టెలిస్కోపులో అదే మచ్చ అర ఆర్క్‌సెకండుకు (ఆర్క్‌సెకండు అంటే ఆర్క్‌నిమిషంలో అరవయ్యో వంతు) మించదు. గెలాక్సీ సమూహంలో గెలాక్సీల మధ్య నిండి ఉన్న వేడి వాయువు ఎక్స్-రేలలో వెలుగుతుంది. రేపు మన దేశం ఈ సమూహాల కోసమే ఒక ఎక్స్-రే టెలిస్కోపు నిర్మించదలిస్తే, ఈ రేకుల దారిలోనే సాగాలా, పదునైన అద్దాలను సాధించడానికి పూనుకోవాలా?

నేను రెండో దారినే కోరుకుంటాను. పెర్సియస్ సమూహం నడిబొడ్డున ఉన్న ఎన్‌జీసీ 1275 గెలాక్సీలోని కృష్ణబిలం, చుట్టూ ఉన్న కోట్ల డిగ్రీల వాయువును తోసివేసి పెద్ద పెద్ద బుడగలు ఏర్పరచిందని చంద్ర చిత్రాలు చూపించాయి. చల్లబడి కుప్పకూలవలసిన వాయువు ఎందుకు కూలడం లేదనే పాత చిక్కుకు సమాధానం అక్కడే దొరికింది. రెండు సమూహాలు ఢీకొన్న బుల్లెట్ సమూహంలో వాయువు ఒకచోట ఆగిపోయి ద్రవ్యరాశిలో ఎక్కువ భాగం మరోచోటికి సాగిపోయిందని, కంటికి కనబడని కృష్ణ పదార్థానికి అంతకంటే సూటి సాక్ష్యం లేదని 2006లో చెప్పగలిగారంటే అదీ పదునైన చిత్రాల వల్లనే. మసకగా చూసేవారికి ఈ రెండూ దక్కేవి కావు.

హోసకోటె రోడ్డు

మల్లేశ్వరం వారి ఉదాహరణలు రెండూ సరైనవే. అయితే ఆ పదునుకు చెల్లించిన మూల్యం బరువు, దాని గురించి వారు ప్రస్తావించలేదు. దర్పణాల తయారీకి దగ్గరి ఉద్యోగం చేస్తున్నాను కనుక ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఎక్స్-రే కిరణం అద్దానికి ఎదురుగా తగిలితే వెనక్కి రాదు, లోపలికి దూసుకుపోతుంది. ఉపరితలాన్ని దాదాపు రాసుకుంటూ, ఒక డిగ్రీకి లోపు కోణంలో వచ్చినప్పుడే అది పరావర్తనం చెందుతుంది. 1952లో హాన్స్ వోల్టర్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త, ముందు పరావలయాకారపు అద్దం, దాని వెనుక అతిపరావలయాకారపు అద్దం అమర్చితే ఈ రాసుకుపోయే కిరణాలతో కూడా ప్రతిబింబం తీయవచ్చునని చూపించాడు. అద్దాలు గొట్టాల్లా ఉంటాయి. ఒక్కొక్క గొట్టం ఆకాశం వైపు చూపేది సన్నని వలయమే కాబట్టి, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెల వరుసలా ఎన్నో గొట్టాలను అమర్చితే తప్ప చాలినంత వెలుగు చేరదు. అసలు పేచీ ఇక్కడే ఉంది. చంద్ర అద్దాలు దాదాపు రెండు సెంటీమీటర్ల మందపు గాజు, అందుకే వంపు చెదరదు, కానీ అవి నాలుగు జతలే పట్టాయి, ఆ అద్దాలే సుమారు వెయ్యి కిలోలు తూగాయి. మన ఆస్ట్రోశాట్ మొత్తం బరువే సుమారు 1500 కిలోలు.

రేకు అద్దాల సంగతి వేరు. నునుపైన గాజు స్తూపం మీద బంగారాన్ని అణువుల పొరగా పేర్చి, రేకుకు ఎపాక్సీ పూసి ఆ స్తూపానికి హత్తించి, ఎండిన తరువాత ఊడదీస్తే గాజు నునుపు బంగారంతో సహా రేకు మీదికి వస్తుంది. వోల్టర్ చెప్పిన వంపు బదులు సాదా శంకువు ఆకారమే ఉంటుంది, పలుచని రేకు ఆ ఆకారంలో కూడా కచ్చితంగా నిలవదు కనుక ప్రతిబింబం మసకబారుతుంది. కానీ అదే బరువులో పదుల, వందల పొరలు పట్టించవచ్చు.

ఇప్పుడు అసలు మాట. సమూహం మధ్య భాగం గురించి చంద్ర ఇప్పటికే చాలా చెప్పింది. మనకు తక్కువగా తెలిసినది అంచుల గురించి, అంటే కొత్త వాయువు వచ్చి పడుతూ వేడెక్కుతున్న ప్రాంతాల గురించి. ఎక్స్-రే వెలుగు వాయు సాంద్రత వర్గానికి అనుపాతంలో ఉంటుంది. సాంద్రత వంద రెట్లు తగ్గితే వెలుగు పదివేల రెట్లు తగ్గుతుంది. అంత బలహీనమైన వెలుగును చూడటానికి కావలసినది డిటెక్టరులో కాస్మిక్ కణాల రొద లేకపోవడం, వీలైనంత వైశాల్యం. భూమికి దగ్గరగా తిరిగితే భూ అయస్కాంత క్షేత్రమే కాపు కాస్తుంది. జపాన్ వారి సుజాకు ఉపగ్రహం రేకు అద్దాలతో, సుమారు రెండు ఆర్క్‌నిమిషాల మసకతో, పెర్సియస్ సమూహాన్ని అంచుల దాకా కొలవగలిగింది ఈ కారణంగానే. ఆస్ట్రోశాట్ కక్ష్య 650 కిలోమీటర్ల ఎత్తు, భూమధ్యరేఖకు 6 డిగ్రీల వాలు. దక్షిణ అట్లాంటిక్ మీది ఆవేశ కణాల ప్రాంతాన్ని అంచున తాకడమే తప్ప దాని నడుమ నుంచి వెళ్లదు. శ్రీహరికోట నుంచి మనకు సులువుగా దక్కే ఇంత మంచి కక్ష్యను వదులుకుని చంద్రతో పోటీ పడటం నాకు సబబుగా తోచదు.

జయనగర్ విద్యార్థిని

హోసకోటె రోడ్డు గారూ, సుజాకు కథ అంతటితో ముగియలేదండి. 2011లో వెలువడిన పెర్సియస్ ఫలితాల్లో అంచుల దగ్గర మొత్తం ద్రవ్యరాశిలో వాయువు వాటా ఉండవలసిన దానికంటే ఎక్కువగా తేలింది. విశ్వం మొత్తంలో సాధారణ పదార్థం (కృష్ణ పదార్థం కానిది) ఎంత వంతో మనకు తెలుసు, ఒక సమూహంలో దాన్ని మించి ఉండే అవకాశం లేదు. అక్కడ వాయువు సమంగా పరచుకోకుండా ముద్దలుగా ఉందని వివరణ ఇచ్చారు. వెలుగు సాంద్రత వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి ముద్దలు ఉంటే సాంద్రతను ఎక్కువగా అంచనా వేస్తాం, దాని వెంట ద్రవ్యరాశి లెక్క కూడా తప్పుతుంది. మరి ఆ ముద్దలు నిజంగా ఉన్నాయో లేవో రెండు ఆర్క్‌నిమిషాల మసకలో ఎవరు తేల్చగలరు?

దీనికి తోడు మరో చిక్కు ఉంది. రేకు అద్దాల్లో ఒక్కసారే పరావర్తనం చెంది దారి తప్పి వచ్చే కిరణాలు ఉంటాయి. మీరు అంచును చూస్తున్నామనుకుంటారు, ఎంతో ప్రకాశవంతమైన నడిబొడ్డు వెలుగు అందులోకి చొరబడుతుంది. దూరపు కృష్ణబిలాల చుక్కలు కూడా విడిగా కనబడక వాయువు వెలుగులో కలిసిపోతాయి. మీరు లెక్కించే వైశాల్యంలో కొంత ఈ కలుషితాన్ని పోగు చేయడానికే ఖర్చవుతుంది.

హోసకోటె రోడ్డు

మంచి ప్రశ్న వేశారమ్మా. చుక్కల విషయంలో చంద్ర, ఐరోపా వారి ఎక్స్‌ఎంఎం-న్యూటన్ టెలిస్కోపుల పాత చిత్రాలను పక్కన పెట్టుకుని ఆయా చోట్లను తీసివేయవచ్చు. దారి తప్పిన కిరణాలకు, జపాన్ వారు చేసినట్టే, అద్దాల ముందు సన్నని పలకల అడ్డును అమర్చవచ్చు.

హిటోమి సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. 2016 ఫిబ్రవరిలో ఎగిరి, నెల దాటగానే చెడిపోయిన ఆ జపాన్ ఉపగ్రహం పెర్సియస్ నడిబొడ్డున వాయువు అలజడి వేగం సెకనుకు సుమారు 164 కిలోమీటర్లు అని కొలిచింది. బుడగలు అంత ఉధృతంగా పుడుతున్నా వాయువు ఇంత నెమ్మదిగా ఉంటుందని చాలామంది ఊహించలేదు. దాని అద్దాలు రేకులే. పదును ఉన్నది డిటెక్టరులో, వాయువులోని ఇనుము వెలువరించే ఎక్స్-రే గీతలను ఐదు ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది శక్తి కొలమానం) తేడాతో విడదీయగలగడంలో.

పీణ్య ఇంజనీరు

ఆ డిటెక్టరును పరమ శూన్య ఉష్ణోగ్రత (సుమారు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) కంటే డిగ్రీలో ఇరవయ్యో వంతు మాత్రమే పైన ఉంచాలి. అంతటి శీతలీకరణను ఏళ్ల తరబడి అంతరిక్షంలో నడిపించడం అద్దం కంటే కష్టమైన పని కావచ్చు. 2024 జనవరి 1న వెళ్లిన మన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహంలో రామన్ పరిశోధన సంస్థ నిర్మించిన, ఎక్స్-రేల ధ్రువణాన్ని కొలిచే పోలిక్స్ పరికరానికి అద్దమే లేదు, అయినా అది తన పనికి సరిపోతుంది. పరికరం ప్రశ్నను బట్టి ఉండాలి.

అద్దాల విషయంలో ఇంకొక మాట. ఏ అద్దం చేసినా పరీక్షించాలంటే ఎక్స్-రే మూలం చాలా దూరంలో ఉండాలి, నడుమ గాలి ఉండకూడదు. చంద్ర అద్దాలను అర కిలోమీటరుకు పైగా పొడవున్న గాలిలేని గొట్టంలో పరీక్షించారు. జర్మనీలోని పాంటర్ గొట్టం 130 మీటర్లు. పదును ఎంత కావాలో తేల్చుకునేలోపే ఆ గొట్టం పని మొదలుపెట్టవచ్చు, రెండు పక్షాలకూ అది అవసరమే.

మల్లేశ్వరం పాఠకుడు

పీణ్య వారి సూచనకు ఎవరూ అడ్డు చెప్పరు. అయితే ఈ రెండింటి నడుమ దారి ఉంది కదా? 2019లో వెళ్లిన జర్మనీ ఎక్స్-రే టెలిస్కోపు ఈరోసిటాలో ఏడు అద్దాల కూర్పులు, ఒక్కొక్కదానిలో 54 నికెల్ పొరలు, నాభ్యంతరం (అద్దం నుంచి ప్రతిబింబం పడే చోటికి దూరం) 1.6 మీటర్లు. అది మన ఆస్ట్రోశాట్ టెలిస్కోపు కంటే పొడవైనది కాదు. సూటిగా చూసినప్పుడు పదును సుమారు 15 ఆర్క్‌సెకండ్లు. దాని మొదటి సర్వేలోనే 12 వేలకు పైగా గెలాక్సీ సమూహాలు తేలాయి. ఆ పదునుతో చుక్కలను వేరు చేయవచ్చు, దగ్గరి సమూహాల్లో పెద్ద ముద్దలనైనా వెతకవచ్చు.

హోసకోటె రోడ్డు

ఆ దారిని నేను కాదనను. నికెల్ పొరను చేయాలంటే అచ్చును ముందు అద్దమంత నునుపుగా మెరుగుపెట్టి, దాని మీద బంగారం, ఆపైన విద్యుత్ పద్ధతిలో నికెల్ పేరుస్తారు. తరువాత మొత్తాన్ని చల్లబరిస్తే అచ్చు ఎక్కువగా కుంచించుకుపోయి పొర విడివడుతుంది. కష్టమంతా అచ్చులోనే ఉంది. ప్రతి పొరకూ వేరే వ్యాసం, కాబట్టి 54 పొరలకు 54 అచ్చులు కావాలి. ఒకసారి చేసుకుంటే వాటితోనే ఏడు కూర్పులకూ పొరలు తీయవచ్చు. బరువు మాత్రం రేకు కంటే చాలా ఎక్కువ, కనుక అంచులకు కావలసిన వైశాల్యం ఏడు కూర్పులతో వస్తుందో రాదో లెక్క కట్టాలి. జయనగర్ విద్యార్థిని గారు ముద్దల పరిమాణం ఎంత ఉండవచ్చో చెబితే, ఎన్ని ఆర్క్‌సెకండ్ల పదును చాలునో ఆ లెక్క నేను వేస్తాను.

జయనగర్ విద్యార్థిని

పెర్సియస్ మన నుంచి సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ ఒక ఆర్క్‌నిమిషం అంటే సుమారు 70 వేల కాంతి సంవత్సరాలు. వచ్చి పడే చిన్న గెలాక్సీ గుంపుల వాయువు దానికంటే పెద్దదే అయినా, అది చిరిగి మిగిలిన ముద్దలు అంతకంటే చిన్నవిగా ఉండవచ్చు. 15 ఆర్క్‌సెకండ్లతో మొదలుపెట్టి లెక్క వేయండి. రెండు ఆర్క్‌నిమిషాలకు మాత్రం నేను ఒప్పుకోను.