‘మిటిగేట్’ అంటే తగ్గించడమేనా?

ప్రశ్న
నిఘంటువులో ‘మిటిగేట్’ ఎదురుగా ‘తగ్గించు’ అని ఉంటుంది. కానీ ‘ఖర్చులు తగ్గించాం’ అనే అర్థంలో ‘వి మిటిగేటెడ్ ద ఎక్స్‌పెన్సెస్’ అని రాస్తే తప్పంటారు. ఎందుకు? ‘అలీవియేట్’, ‘అస్వేజ్’, ‘అలే’లకు కూడా దాదాపు ఇదే అర్థం కనిపిస్తోంది. నాలుగింటినీ ఒకేసారి నేర్చేసుకుంటే సరిపోతుందా? రోజుకు ఎన్ని మాటలు పెట్టుకోవచ్చు?

జవాబు 1
తగ్గేది ఏమిటో ముందు చూడండి. ధర, ఖర్చు, బరువు, వేగం లాంటి అంకెల్లో కొలిచేవాటికి ‘రెడ్యూస్’ వాడతారు. ‘మిటిగేట్’ పక్కన చేరేవి వేరు: రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్, ఎఫెక్ట్స్. అన్నీ చెడ్డవే. కీడు పూర్తిగా తప్పకపోయినా దాని తీవ్రత తగ్గేలా చూడటమే ఈ క్రియ పని. లాటిన్‌లో ‘మీటిస్’ అంటే మెత్తన, అక్కడి నుంచి వచ్చిన మాట ఇది. కోర్టుల్లో ‘మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్’ అంటే నేరం లేదని కాదు, శిక్ష కొంత తగ్గించడానికి ఆస్కారమిచ్చే పరిస్థితులని.

‘అలీవియేట్’లో లాటిన్ మాట ‘లెవిస్’ ఉంది, తేలిక అని అర్థం. అందుకే అది నొప్పి, బాధ, పేదరికం లాంటి మోయాల్సినవాటి పక్కన చేరుతుంది. ‘అస్వేజ్’ అపరాధ భావానికి, ఆకలికి, భయానికి. ‘అలే’ తర్వాత ఎక్కువగా బహువచనమే వస్తుంది: ఫియర్స్, డౌట్స్, సస్పిషన్స్.

మన భాషలో మాత్రం? కోపం చల్లారుస్తాం, దాహం తీరుస్తాం, దీపం ఆర్పుతాం. ‘దాహం ఆర్పాను’ అంటే అర్థమవుతుంది గానీ తెలుగు చెవి ఒప్పుకోదు. ‘ఎక్స్‌పెన్సెస్ మిటిగేట్’ చేయడం కూడా ఆ బాపతే.

జవాబు 2
పైవారు చెప్పినదానికి ఒక చేర్పు. ‘మిటిగేట్ అగెనెస్ట్’ అని పత్రికల్లో కూడా కనబడుతుంటుంది. అక్కడ ఉండాల్సింది ‘మిలిటేట్’, అంటే ప్రతికూలంగా పనిచేయడం. దాని మూలం లాటిన్‌లో సైనికుడనే అర్థమున్న ‘మిలెస్’. ‘మిటిగేట్’ నేరుగా కర్మను తీసుకుంటుంది, మధ్యలో ‘అగెనెస్ట్’ అక్కర్లేదు.

జవాబు 3
నాలుగూ ఒకే రోజు మాత్రం వద్దండి. 1993లో థామస్ టింకమ్, 1997లో రాబ్ వారింగ్ చేసిన ప్రయోగాల్లో ఒకే కోవకు చెందిన మాటలను గుంపుగా ఇస్తే, సంబంధం లేని మాటలకన్నా నేర్చుకోవడానికి ఎక్కువ సార్లు చదవాల్సి వచ్చింది. అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పర్యాయపదాల పట్టికలు బట్టీ పట్టేవారికి పరీక్షలో రెండు మాటలు గుర్తొచ్చి, ఏది ఎక్కడిదో తేలకపోవడానికి కారణం ఇదే. ముందు ‘మిటిగేట్’ ఒక్కటే తీసుకోండి. అది స్థిరపడ్డాక, రెండు వారాలు ఆగి ‘అలీవియేట్’. పక్కపక్కన పెట్టి పోల్చి చూడటం అన్నీ వచ్చాక చేసే పని.

మాటకొక చిన్న కార్డు రాసుకుని తిరగేస్తుంటే గుర్తుంటాయి. కార్డు రాసే పద్ధతి: ముందు వైపు మాట రాసి, వెనక అర్థం రాస్తే చూసి గుర్తుపట్టడం వస్తుంది, వాడటం రాదు. ముందు వైపు ఖాళీ ఉన్న వాక్యం పెట్టి, మొదటి అక్షరం మాత్రం ఇవ్వండి: ‘ట్రీస్ కెన్ మి___ ద ఎఫెక్ట్స్ ఆఫ్ హీట్’. వెనక వైపు మాట, ఏ అక్షరం నొక్కి పలకాలో గుర్తు, దాని పక్కన తరచూ వచ్చే రెండు నామవాచకాలు. తెలుగు అర్థం చివర్న, చిన్నగా. మళ్లీ చూడటం 1, 3, 7, 16, 35 రోజులకు. తప్పితే మళ్లీ మొదటి రోజుకు.

రోజుకు 5 నుంచి 7 కొత్త మాటలు చాలు. 20 పెట్టుకుంటే మొదటి వారం హుషారుగానే ఉంటుంది. ఆ తర్వాత తిరగేయాల్సిన పాత కార్డులు రోజూ వందకు పైగా పేరుకుంటాయి, అక్కడే చాలామంది వదిలేస్తారు. ఒక కార్డు ఎంతకీ నిలవకపోతే ఆ వాక్యం బాగోలేదని అర్థం. ఇలాంటి కార్డులను ఫోన్‌లో తిరగేయించే యాంకీ లాంటి యాప్ మామూలు సెట్టింగులో 8 సార్లు తప్పిన కార్డును ‘లీచ్’ (జలగ) అని గుర్తిస్తుంది. అలాంటిదాన్ని చింపేసి వేరే వాక్యంతో రాయండి.

జవాబు 4
ఉచ్చారణ సంగతి ఎవరూ ఎత్తలేదు. మనం రాసినట్టే చదువుతాం కాబట్టి ఇక్కడ దెబ్బ తింటాం. ‘ఎపిటోమ్’ కాదు, ‘ఇపిటమీ’. ‘హైపర్‌బోల్’ కాదు, ‘హైపర్‌బలీ’. చివర ‘ఏట్’ ఉన్న మాటలతో ఇంకా జాగ్రత్త: ‘డిలిబరేట్’ అంటే చర్చించు, క్రియ. ఉద్దేశపూర్వకమైన అనే విశేషణమైతే ‘డిలిబరట్’. స్పెల్లింగు ఒకటే. ‘ఎస్టిమేట్’, ‘ఎలాబరేట్’, ‘అడ్వొకేట్’లదీ ఇదే తంతు. ‘మిటిగేట్’ క్రియ కాబట్టి చివర ‘గేట్’ అనే పలకాలి, నొక్కు మాత్రం ‘మి’ మీద.

ప్రశ్నించినవారు
ధన్యవాదాలండి. లాటిన్ ధాతువులు ఒక వంద నేర్చుకుంటే మిగతావి ఊహించేయవచ్చు కదా?

జవాబు 1
తెలిసిన అర్థాన్ని నిలబెట్టుకోవడానికి ధాతువు మంచి ఊతం. తెలియని అర్థాన్ని ఊహించడానికి మాత్రం నమ్మకండి. ‘ఇన్’ చూసి ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మండనిది అనుకుంటే ప్రమాదం, అది ఇట్టే మండేది. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. అచ్చం మన ‘అమూల్యం’ లాగే.

జవాబు 3
ఎక్కడ మొదలుపెట్టాలో తేలకపోతే 2000లో ఆవరిల్ కాక్స్‌హెడ్ తయారుచేసిన అకడమిక్ వర్డ్ లిస్ట్ తీసుకోండి. 570 పద కుటుంబాలు (ఒకే మాట నుంచి వచ్చిన రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం), వాడుక ఎక్కువగా ఉన్నవి ముందు వచ్చేలా 10 భాగాలు. పాఠ్య, పరిశోధన రచనల్లో పదింట ఒక మాట అందులోదే. అవి రాకముందే పోటీ పరీక్షల పుస్తకాల్లోని అరుదైన మాటల మీద పడటం దండగ. ఉన్నవాటిలో మీకు తెలిసినవి కొట్టేసి, మిగిలినవాటికే కార్డులు రాయండి.