సైన్యం జీతమిచ్చే మతగురువు ఎవరికి జవాబుదారీ?

సందేహి:

1968 మార్చి 16న వియత్నాంలోని మై లై గ్రామంలో అమెరికన్ సైనికులు వందల మంది నిరాయుధ గ్రామస్థులను చంపారు. ఆ సమయంలో హెలికాప్టర్ నడుపుతూ పైనుంచి అది చూసిన పైలట్ హ్యూ థాంప్సన్ కిందికి దిగి, సొంత సైనికులకూ గ్రామస్థులకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. తర్వాత పై అధికారులకు ఫిర్యాదు చేయడంతో ఆగక, తనకు పరిచయమున్న సైనిక మతగురువు కార్ల్ క్రెస్‌వెల్ దగ్గరికి వెళ్లి చూసినదంతా చెప్పుకున్నాడు. క్రెస్‌వెల్ ఆ మాట నమ్మాడు. నమ్మి ఏం చేశాడంటే, తన పైనున్న డివిజన్ మతగురువుకు చెప్పాడు. ఆయన మరికొందరు అధికారుల చెవిన వేశాడు. విచారణ జరుగుతోందన్న సమాధానం వచ్చింది, అక్కడితో అది ఆగిపోయింది. లోకానికి ఆ ఘోరం తెలిసింది 1969 నవంబరులో, అదీ ఒక విలేకరి బయటపెట్టడం వల్ల. తర్వాత సైన్యం తరఫున జనరల్ పియర్స్ జరిపిన విచారణ ఈ ఇద్దరు మతగురువులు చేయవలసినంత చేయలేదని తప్పుపట్టింది.

క్రెస్‌వెల్‌ను పిరికివాడని అనడానికి నేనిది రాయడం లేదు. ఒక మనిషి వచ్చి హత్యల గురించి చెప్పినప్పుడు, ఆ మాటను ఎక్కడికి మోయాలన్న ప్రశ్నకు ఆయనకు తోచిన దారి ఒక్కటే: పై అధికారి. భుజం మీద కెప్టెన్ హోదా ఉన్నవాడికి మరో దారి కనబడటం కష్టం. మతగురువు ఆయుధం పట్టకూడదని అందరూ ఒప్పుకుంటారు. నేను అడిగేది అంతకన్నా ఒక మెట్టు ముందున్న ప్రశ్న. ఆయనకు ర్యాంకు ఎందుకు ఉండాలి? ఆయన పనితీరు మీద ఏటా నివేదిక రాసే అధికారం యూనిట్ కమాండర్ చేతిలో ఎందుకు ఉండాలి? సైన్యంలో మతగురువులు ఉండాలనే నా అభిప్రాయం, కానీ ర్యాంకు లేకుండా, కమాండర్ కలానికి అందకుండా ఉండాలి.

పాత సిపాయి:

సందేహి గారూ, నేను పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి వచ్చినవాణ్ని. పుస్తకంలో చదివిన ఒక వైఫల్యాన్ని మీరు చూపారు కాబట్టి, కళ్లతో చూసిన ఒక రాత్రి గురించి నేను చెబుతాను.

మా యూనిట్‌లో పంతొమ్మిదేళ్ల కుర్రాడొకడు మొదటిసారి శవాన్ని మోసి వచ్చాడు. ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు, ఊరికే చేతులు కడుక్కుంటూ ఉండేవాడు. వైద్యుడి దగ్గరికి పంపుతామంటే వద్దని ఏడ్చాడు. మందుల చీటీ మీద మానసిక సమస్య అని పడితే ఇక తన ఉద్యోగం గతేమిటన్నది వాడి భయం, ఆ భయం అందరికీ ఉన్నదే. రాత్రి తొమ్మిదింటికి మా ధర్మగురువు వచ్చాడు. ఆయనదీ వాడిదీ ఒకే మతం కాదు. మంచం పక్కన నేలమీద కూర్చుని, బూట్ పాలిష్ డబ్బా మూత తీసి, తన బూట్లు తానే తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒకటి అయ్యాక రెండోది. రెండోది అయ్యాక కుర్రాడి బూట్లు దగ్గరికి లాక్కున్నాడు. దాదాపు గంటసేపు ఆ గుడారంలో బ్రష్ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. అప్పుడు వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు, మేము లేచి బయటికి వచ్చేశాం.

మర్నాడు ఉదయం ఆయన నేరుగా కమాండింగ్ అధికారి గుడారంలోకి వెళ్లాడు. ఏం చెప్పాడో మాకు తెలియదు గానీ, కుర్రాడికి పది రోజులు కాపలా విధుల నుంచి విడుదల దొరికింది. భుజం మీద చుక్కల్లేని బయటి మనిషి వెళ్లి ఉంటే, గుమ్మం దగ్గరే నిలబెట్టి తర్వాత రమ్మనేవారు. సైన్యంలో తలుపులు తెరిచేది హోదాయే. దాన్ని తీసేస్తే గురువుకు స్వేచ్ఛ మిగులుతుందేమో, సిపాయికి మాత్రం ఏమీ మిగలదు.

ధారావాహిని:

ఉదాహరణల పోటీ పెట్టుకుంటే ఇది తేలే విషయం కాదు. 1943 ఫిబ్రవరి 3న అమెరికన్ సైనికులతో వెళ్తున్న డార్చెస్టర్ అనే నౌక మునిగిపోతున్నప్పుడు నలుగురు మతగురువులు తమ లైఫ్ జాకెట్లు పక్కవాళ్లకు ఇచ్చేసి నౌకతోపాటు మునిగిపోయారు. వాళ్లలో ఇద్దరు ప్రొటెస్టెంట్లు, ఒకరు కేథలిక్, ఒకరు యూదు రబ్బీ. కొరియా యుద్ధంలో క్షతగాత్రులను వదిలి రాలేక శత్రువుకు చిక్కిన అమెరికన్ మతగురువు ఎమిల్ కపాన్ 1951లో ఖైదీల శిబిరంలోనే మరణించాడు. వీళ్లందరికీ ర్యాంకులున్నాయి, అవి వాళ్ల త్యాగానికి అడ్డం రాలేదు, తోడ్పడనూ లేదు. మంచివాళ్లు ఏ ఏర్పాటులోనైనా మంచిగానే ఉంటారు. సగటు మనిషి ఎలా ప్రవర్తిస్తాడన్నదాన్ని బట్టి ఏర్పాటును తూచాలి.

సెక్షన్ల సుబ్బయ్య:

చట్టం ఏమంటుందో చెప్పకుండా ఈ చర్చ సాగుతోంది కాబట్టి కొంచెం విసుగు పుట్టించినా క్షమించాలి.

1949 నాటి మొదటి జెనీవా ఒప్పందంలోని 24వ అధికరణం సైన్యానికి అనుబంధంగా ఉన్న మతగురువులను వైద్య సిబ్బందితో పాటు ఒకే వాక్యంలో చేర్చి, అన్ని పరిస్థితుల్లోనూ గౌరవించి కాపాడాలంటుంది. 28వ అధికరణం ప్రకారం శత్రువు చేతికి చిక్కినా వాళ్లు యుద్ధఖైదీలు కారు. ఖైదీల ఆధ్యాత్మిక అవసరాలకు కావలసినంత వరకే వాళ్లను అట్టిపెట్టుకోవచ్చు. 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్‌లోని 43వ అధికరణం సాయుధ దళాల సభ్యులను యోధులుగా గుర్తిస్తూ, వైద్య సిబ్బందినీ మతగురువులనూ ఆ లెక్క నుంచి మినహాయించింది. ఈ రక్షణలన్నీ ఆయన చేసే పనికి దక్కినవి, ర్యాంకుతో వీటికి సంబంధం లేదు. రేపు ర్యాంకు తీసేసినా సైన్యం నియమించిన మతగురువుగా ఆయనకు ఈ రక్షణ పోదు.

పాత సిపాయి గారు ర్యాంకు అంటే అధికారం అనుకుంటున్నట్టున్నారు. అమెరికన్ చట్టం స్పష్టంగా మతగురువుకు హోదా ఉంటుంది, ఆజ్ఞాపించే అధికారం ఉండదు అంటుంది. అంటే అది పేరుకు ర్యాంకు, నిజానికి గేటు పాసు. అదే గేటు పాసును వేరే రూపంలో ఇవ్వవచ్చునని చూపిన దేశాలు ఉన్నాయి. జర్మనీ 1957లో ప్రొటెస్టెంట్ చర్చితో చేసుకున్న ఒప్పందం ప్రకారం అక్కడి సైనిక మతగురువులకు సైనిక హోదా లేదు. వాళ్లు నిర్ణీత కాలానికి వచ్చే ప్రభుత్వోద్యోగులు, మత విషయాల్లో చర్చికే జవాబుదారీ. విదేశీ విధుల్లో రక్షణ దుస్తులు వేసుకున్నప్పుడు భుజం మీద ర్యాంకు ఉండవలసిన చోట శిలువ గుర్తు ఉంటుంది. బ్రిటిష్ నౌకాదళానిది మరీ ముచ్చటైన సంప్రదాయం: అక్కడి మతగురువుకు తనదంటూ ర్యాంకు ఉండదు, ఎవరితో మాట్లాడుతుంటే వాళ్ల ర్యాంకే ఆయనదవుతుంది. నావికుడి ముందు నావికుడు, అడ్మిరల్ ముందు అడ్మిరల్. మన భారత సైన్యం ఇంకో దారి పట్టింది: పండిత్, గ్రంథి, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు వంటి ధర్మగురువులను పూర్తి స్థాయి అధికారులుగా కాక జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లుగా తీసుకుంటుంది.

ప్రభుత్వ సొమ్ముతో మతగురువేమిటన్న ప్రశ్న కూడా ఎలాగూ వస్తుంది కనుక ముందే చెబుతాను. 1979లో అమెరికాలో ఇద్దరు హార్వర్డ్ న్యాయ విద్యార్థులు సరిగ్గా ఈ అభ్యంతరంతోనే కోర్టుకెక్కారు. 1985లో అప్పీలు కోర్టు చెప్పిన సమాధానం ఆలోచించదగ్గది. సైనికుణ్ని తన ఊరి నుంచీ తన గుడి నుంచీ లాక్కెళ్లింది ప్రభుత్వమే అయినప్పుడు, అతని ఆరాధనకు దారి చూపకపోతే ఆ ప్రభుత్వమే అతని మతస్వేచ్ఛను అడ్డుకున్నట్టవుతుంది. అయితే ఈ తర్కానికి ఒక హద్దు ఉంది. పెద్ద నగరంలో, చుట్టూ ప్రార్థనా మందిరాలున్న చోట పనిచేసే సైనికుడికి ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్నను అదే కోర్టు తిరిగి కిందికోర్టుకు పంపింది.

అవిశ్వాసి:

సుబ్బయ్య గారు దారి వేశారు కాబట్టి అడుగుతున్నాను. ర్యాంకు ఉండాలా వద్దా అని వాదించుకునే మీరందరూ అసలు విషయాన్ని పక్కకు తోశారు. మతగురువు అక్కడ ఉన్నందువల్ల యుద్ధానికి కలిగే లాభం ఏమిటి?

1945 ఆగస్టులో హిరోషిమాకు బయలుదేరిన వైమానికుల క్షేమం కోసం పసిఫిక్‌లోని టినియన్ ద్వీపంలో ఒక లూథరన్ మతగురువు ప్రార్థన చేశాడు. అదే దళానికి కేథలిక్ మతగురువుగా ఉన్న జార్జ్ జాబెల్కా, పౌరుల మీద బాంబులు వేయడం పాపమని ఆ రోజుల్లో తాను ఒక్క ప్రసంగంలోనూ చెప్పలేదని దశాబ్దాల తర్వాత బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. ఎవరూ ఆయన నోరు నొక్కలేదు, చెప్పవద్దని ఆజ్ఞా జారీ చేయలేదు. చెప్పాలని ఆయనకే తట్టలేదు. ర్యాంకు తీసేసినంత మాత్రాన ఈ మౌనం పోతుందా? కురుక్షేత్రంలో ఆయుధం పట్టనన్న సారథికి ఏ ర్యాంకూ లేదు. విల్లు కింద పెట్టినవాడి చేత మళ్లీ పట్టించింది మాత్రం ఆయనే.

కుర్రాడికి కావలసింది పక్కన కూర్చుని వినే మనిషి అయితే, ఆ మనిషి మతగురువే కానక్కరలేదు. నెదర్లాండ్స్ సైన్యంలో 1960ల నుంచే ఏ మతానికీ చెందని మానవవాద సలహాదారులు ఉన్నారు. బూట్లు తుడవడానికి దేవుడి అనుమతి అవసరమా?

పాత సిపాయి:

అవిశ్వాసి గారూ, బూట్ల గురించి వెక్కిరించినా నాకు కోపం లేదు. మానవవాద సలహాదారు వచ్చి కూర్చున్నా మా కుర్రాడు మాట్లాడేవాడే, కాదనను. కానీ చచ్చిపోతానని తెలిసినవాడు అడిగేది సలహా కాదు. తనకు తెలిసిన మంత్రమో, ప్రార్థనో, తన అమ్మ నోట విన్న మాటలో వినాలనుకుంటాడు. అవి సరిగ్గా పలకగలవాడు పక్కన ఉండాలి. ఇంతకుమించి దీని మీద వాదించను.

సందేహి:

అవిశ్వాసి గారి మాటలో సగం ఒప్పుకుంటాను. జాబెల్కా మౌనానికి ర్యాంకు ఒక్కటే కారణం కాదు. మనవాళ్లు క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థించడం అక్కడ ఆయన రోజువారీ పని. రోజూ ఒక పక్షం కోసమే మొక్కేవాడికి అవతలి పక్షం కనబడటం మానేస్తుంది. ఇది వృత్తిలోనే ఉన్న చిక్కు, ర్యాంకు తీసేస్తే పోయేది కాదు.

కానీ సారథి పోలికతో ఏకీభవించను. కృష్ణుడు అక్కడికి వచ్చింది ఒక పక్షం వాడిగా, ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. సైనిక మతగురువు మాత్రం సిపాయికి వేరే మాట ఇచ్చి కూర్చోబెడుతున్నాడు: నువ్వు చెప్పినది నా దగ్గరే ఉంటుందని. అమెరికన్ సైనిక న్యాయస్థానాల్లో మతగురువుతో చెప్పుకున్న మాటలకు సాక్ష్యం చెప్పనక్కరలేని రక్షణ ఉంది. అంటే కోర్టు కూడా లాగలేని మాటను దాచుకున్నవాడు, ఆ మాటలో కమాండర్ తప్పే ఉంటే, తన నివేదిక రాసేది ఆ కమాండరే అని తెలిసీ ఏం చేయాలి? చట్టం గోప్యతను కాపాడింది గానీ, గోప్యతను మోసేవాణ్ని కాపాడలేదు.

ఇటువైపు ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాచను. గ్వాంటనామోలోని అమెరికన్ ఖైదీల శిబిరంలో ముస్లిం మతగురువుగా పనిచేసిన కెప్టెన్ జేమ్స్ యీని 2003 సెప్టెంబరులో గూఢచర్యం అనుమానంతో పట్టుకుని 76 రోజులు ఏకాంత నిర్బంధంలో పెట్టారు. ఆ ఆరోపణలు నిలవలేదు, 2004లో కేసు వదిలేశారు. ఖైదీలతో దగ్గరగా మెలగడం ఆయన ఉద్యోగ ధర్మం, ఆ దగ్గరితనమే అనుమానానికి దారితీసింది. యూనిఫారం, కెప్టెన్ హోదా ఉన్నవాడికే అలా జరిగితే, ఏ హోదా లేనివాణ్ని ఎంత తేలిగ్గా గేటు బయటికి నెట్టేస్తారో ఊహించగలను. అందుకే జర్మనీ పద్ధతిలో ర్యాంకు లేకపోవడం ఒక్కటే చాలదు. కమాండర్ ఇష్టం లేకపోయినా తొలగించలేని నిర్ణీత కాలం, అతన్ని దాటి ఫిర్యాదు చేయగల బయటి దారి ఉండాలి. క్రెస్‌వెల్‌కు లేనిది అదే.

సెక్షన్ల సుబ్బయ్య:

బయటి దారి అంటే ఎవరి దగ్గరికి? మతసంస్థ దగ్గరికా, పార్లమెంటు దగ్గరికా? చర్చి వంటి ఒకే నిర్మాణం ఉన్న మతాలకు జర్మనీ పద్ధతి నప్పింది. పీఠాలు, మఠాలు, మసీదులు ఎవరికి వారే అయిన మతాల్లో ఈ గురువుగారు ఎవరికి జవాబు చెప్పాలో ముందు తేల్చండి. అది తేలకపోతే కమాండర్ చేతిలోంచి తీసి ఏ రాజకీయ నాయకుడి చేతిలోనో పెట్టినట్టవుతుంది. నేను మీ ప్రతిపాదనకు వ్యతిరేకిని కాను, కానీ ఈ ఒక్క ఖాళీ గీత పూరించకుండా సంతకం పెట్టలేను.

పాత సిపాయి:

రెండు రోజులుగా ఈ మాటలు చదువుతూ ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను.

మా ధర్మగురువు మంచివాడని చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను. ఆ కుర్రాడి సంగతి జరిగిన ఏడాదికి, చేతులు కట్టి కూర్చోబెట్టిన ఒక మనిషిని మా వాళ్లు కొట్టడం చూశాను. ఆపలేదు. చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. గురువుగారి గుడారం నా గుడారానికి నలభై అడుగుల దూరంలో ఉండేది, ఆయన దీపం ఆలస్యంగా ఆరేది. రెండుసార్లు లేచి బూట్లు వేసుకున్నాను కూడా.

ప్రతి రాత్రీ భోజనానికి ఆయన కమాండింగ్ అధికారి పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఆయన హోదాకు ఆ కుర్చీయే రాసిపెట్టి ఉంది. రెండుసార్లూ ఆ కుర్చీ గుర్తొచ్చి, బూట్లు విప్పి పడుకున్నాను.